ఫోన్లో ఒగ్గుకథ: ఎనిమిదేళ్ల వాడకం తర్వాత

మోకాళ్ల నొప్పులతో ఐనవోలు మల్లన్న జాతరకు రాలేనని మా అమ్మ అన్న ఏడాది, డోలు కొడుతూ మల్లన్న, బీరప్ప లాంటి దేవుళ్ల కథలు పాడి చెప్పే ఒగ్గుకథను ఆమెకు ఫోన్లో పెట్టిచ్చాను. 2016లో జియో వచ్చి డేటా చవకైన కొత్తలో సంగతి ఇది. హన్మకొండలో మా ఇంట్లో ఇప్పటికీ దాదాపు రోజూ నడుస్తోంది.

అన్నిటికన్నా గొప్ప మేలు, గొంతులు దక్కడం. జనగామ వైపు మాణిక్యపురానికి చెందిన ఒగ్గు కథకుడు చుక్క సత్తయ్య గారు 2017లో పోయారు. ఆయన మాట పాటలోకి జారే తీరు ఇంకా వినగలుగుతున్నాం. మొబైల్ షాపులో మెమరీ కార్డు నింపించుకునే రోజుల్లో వాళ్లు ఏది ఎక్కిస్తే అదే వినాల్సి వచ్చేది.

ఇబ్బందల్లా యాడ్స్‌తో. అమ్మ మంచం మీద ఒరిగి, ఫోన్ దిండు పక్కన పెట్టుకుని, ఎదురుగా మనిషి ఉన్నట్టే ఊ కొడుతూ వింటుంది. సరిగ్గా బీరప్ప, కామరాతిల పెళ్లి దగ్గర యాడ్ వస్తుంది. ఊ ఆగిపోతుంది. "ఏందిరా కొడుకా, ఆయన ఏడ వాయె?" అని నా వైపు చూస్తుంది. ముందే డౌన్‌లోడ్ చేసి పెట్టడం మొదలుపెట్టాక ఆ బాధ తప్పింది. చిన్న బ్లూటూత్ స్పీకర్ కూడా కొనండి, ఫోన్లో డోలు రేకు డబ్బా మోతలా వినిపిస్తుంది.

ఈ మధ్య వెతికితే ముందు నిమిషం ముక్కలే వస్తున్నాయి. డోలు విన్యాసం, నాలుగు అడుగులు, అంతే. మా పిల్లలకు డోలు మీద ఇష్టం పుట్టింది ఆ ముక్కలతోనే, కాదనను. కానీ తెల్లవార్లూ సాగే కథ అది. కథకుడు ఒక మాట అంటే పక్కనున్న వంత "అట్లనా, తర్వాత?" అని అడగాలి. ఆ అడగడంతోనే కథ కదులుతుంది. ముక్కల్లో ముందు తెగిపోయేది అదే. అందుకే పాత, గంటకు మించిన రికార్డింగులే దాచుకుంటున్నాను.

ఇంట్లో కదలలేని పెద్దవాళ్లుంటే తప్పకుండా పెట్టివ్వండి. జాతరకు బదులుగా మాత్రం కాదు. పోయినేడు చుట్టాలింట్లో మల్లన్న పట్నం, అంటే దేవుడి ముందు వేసే రంగుల ముగ్గు, వేస్తే అమ్మను ఆటోలో తీసుకెళ్లాను. పసుపు, కుంకుమలతో వేసిన పట్నం పక్కనే కుర్చీ వేశారు. ఒగ్గు పూజారి కథ ఎత్తుకున్నాడు. అలవాటుగా అమ్మ ఊ కొట్టింది. ఆయన ఒక్క క్షణం ఆగి, ఆమె వైపు తిరిగి, మిగతా కథంతా ఆమెకే చెప్పాడు.