యాడ్ అంటేనే మోసమా? ఫెయిర్ అండ్ లవ్లీ vs లలితా జ్యువెలరీ

యాడ్స్ అన్నీ అబద్ధాలే అంటారు చాలామంది, నాకైతే రెండు రకాలు కనిపిస్తాయి.

ఒకటి ఫెయిర్ అండ్ లవ్లీ టైపు. 1975 నుంచి ఇండియాలో అమ్ముతున్నారు, యాడ్‌లో నల్లగా ఉన్న అమ్మాయికి ఉద్యోగం రాదు పెళ్లి కాదు, క్రీమ్ రాయగానే అన్నీ వచ్చేస్తాయి... ఇందులో చెక్ చేయడానికి ఏముంది అసలు? ముందు మనలో లోపం ఉందని నమ్మించి తర్వాత మందు అమ్మడం. 2020లో పేరు గ్లో అండ్ లవ్లీ అని మార్చారు, అంతే.

రెండోది మన లలితా జ్యువెలరీ టైపు. "డబ్బులు ఊరికే రావు" డైలాగ్ మీద ఎన్ని మీమ్స్ వచ్చినా, యాడ్‌లో ఆ షాపు ఓనర్ చెప్పేది రేటు గురించి, తరుగు గురించి, వేరే షాపుల్లో కూడా కనుక్కుని పోల్చి చూసుకోండి అని. నిజమో కాదో పక్క షాపుకెళ్తే తెలిసిపోతుంది. అలాగని ఆయనేమీ ధర్మాత్ముడని కాదు, అమ్ముకోడానికే కదా (గుండు మాత్రం సూపర్ బ్రాండింగ్ లెండి).

2019 వినియోగదారుల చట్టంలో తప్పుడు యాడ్‌కి 10 లక్షల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా ఫైన్ ఉంది. కానీ తరుగు లెక్క తప్పు చెప్తే పట్టుకోవచ్చు, "కాన్ఫిడెన్స్ పెరుగుతుంది" అన్నోడిని ఏం పట్టుకుంటారు?