హైదరాబాద్ - విశాఖ విమానం: టికెట్‌లో గంటంపావు, ఇంటి నుంచి ఇంటికి ఐదు గంటలు

నా ఉద్యోగం హైదరాబాద్‌లో, కాపురం కూకట్‌పల్లిలో. అమ్మానాన్నలు విశాఖ ఎంవీపీ కాలనీలో ఉంటారు. అందుకని ఏళ్లుగా ఈ దారిలో విమానమెక్కుతూనే ఉన్నాను. ఈ రూటు గురించి ఎవరడిగినా ముందు చెప్పేది ఒకటే: టికెట్ మీదున్న టైమ్ చూసి ప్లాన్ వేసుకోవద్దు.

శంషాబాద్ నుంచి విశాఖకు ఆకాశమార్గంలో దూరం దాదాపు 510 కిలోమీటర్లు. రైలు పట్టాల మీద విజయవాడ మీదుగా చుట్టు తిరిగి వెళ్తే 700 దాకా అవుతుంది. జెట్ విమానానికి టికెట్‌లో గంటా పది, గంటంపావు చూపిస్తారు. అందులో విమానం రన్‌వే దాకా వెళ్లే సమయం, దిగాక ఆగేచోటికి వెళ్లే సమయం కూడా కలిసే ఉంటాయి. గాల్లో ఉండేది గంటలోపే. పైకెక్కడం, కిందికి దిగడం పోగా పూర్తి వేగంతో ఎగిరేది కాసేపే. అందుకే జెట్ కంటే చాలా నెమ్మదైన ఏటీఆర్‌లో, అంటే ప్రొపెల్లర్లతో నడిచే చిన్న విమానంలో వెళ్లినా తేడా పావుగంట, ఇరవై నిమిషాలకు మించదు. ఏటీఆర్ అనగానే చాలామంది భయపడతారు గానీ, నాకు ఇబ్బందిగా అనిపించింది శబ్దం ఒక్కటే. చార్జీ తక్కువుంటే నేను దాన్నే ఎక్కుతాను.

అసలు సమయమంతా నేల మీదే పోతుంది. కూకట్‌పల్లి నుంచి ఔటర్ రింగ్ రోడ్డు మీదుగా శంషాబాద్‌కు గంట పైనే. బ్యాగు చెక్‌ఇన్ చేయాలంటే గంట ముందే కౌంటర్ మూసేస్తారు కాబట్టి గంటన్నర ముందుండాలి. విశాఖలో దిగి, బ్యాగు తీసుకుని, ఎన్ఏడీ జంక్షన్ దాటి ఇల్లు చేరేసరికి ఇంకో గంట. మొత్తం ఐదు గంటలు. 7 కిలోల చేతి బ్యాగుతో వెళ్తే అరగంటకు పైగా మిగులుతుంది. ఈ రూట్లో ఇంతకు మించిన చిట్కా నాకు దొరకలేదు.

2023 జనవరిలో వందే భారత్ వచ్చాక లెక్క మారింది. సికింద్రాబాద్ నుంచి ఎనిమిదిన్నర గంటలు. స్టేషన్లకు వెళ్లొచ్చే సమయం కలుపుకుంటే, ఇంటి నుంచి ఇంటికి విమానం కంటే దాదాపు ఐదు గంటలు ఎక్కువ, అంతే. సంక్రాంతి ముందు విమానం చార్జీలు ఎలా ఎగబాకుతాయో తెలిసిందే. అప్పుడు నేను రైలుకే ఓటేస్తాను. ఇక గోదావరి ఎక్స్‌ప్రెస్ సాయంత్రం ఎక్కితే తెల్లారేసరికి విశాఖలో దింపుతుంది, ఒక్క పగలు కూడా వృథా కాదు.

అయినా విమానం విలువ నాకు బాగా తెలిసింది నాన్నకు గుండెనొప్పి వచ్చిందని తెల్లవారుజామున ఫోన్ వచ్చిన రోజున. మొదటి ఫ్లైట్ పట్టుకుని మధ్యాహ్నం కాకముందే ఆసుపత్రిలో ఆయన మంచం పక్కన ఉన్నాను. ఆ రోజు చార్జీ ఎంతైందో కూడా చూసుకోలేదు.

ఒక జాగ్రత్త. విశాఖ విమానాశ్రయం నేవీ వారి వైమానిక స్థావరం ఐఎన్‌ఎస్ డేగాలో ఉంది. ఫొటోలు తీయొద్దని చెప్తే వినండి. తుఫాను రోజుల్లో బయల్దేరే ముందు ఫ్లైట్ స్టేటస్ తప్పకుండా చూసుకోండి.

ఇప్పటి విమానాశ్రయం ఊళ్లోనే ఉండటం ఈ ప్రయాణానికి పెద్ద ప్లస్. కొత్త విమానాశ్రయానికి ఎంచుకున్న భోగాపురం నగరానికి 40 కిలోమీటర్ల పైనే. సర్వీసులు అక్కడికి మారితే నా ఐదు గంటలు దాదాపు ఆరవుతాయి. విజయనగరం, శ్రీకాకుళం వాళ్లకు మాత్రం అదే దగ్గర.