మాగుంట లేఅవుట్‌లో అమెరికా బీఎస్ అప్లికేషన్: ఒక కన్సల్టెన్సీ సేవపై సమీక్ష

ఇంటర్ పూర్తి కాగానే నేరుగా అమెరికాలో డిగ్రీ చదవడానికి వెళ్లే పిల్లలు నెల్లూరు వైపు ఇప్పటికీ తక్కువే. మనవాళ్లలో ఎక్కువ మంది ఇక్కడ బీటెక్ ముగించి ఎంఎస్‌కు వెళతారు. అందువల్ల నగరంలోని కన్సల్టెన్సీలకు చేయి తిరిగిన పని ఎంఎస్ అప్లికేషనే. మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరంలో ఉండగా మాగుంట లేఅవుట్‌లోని ఒక కన్సల్టెన్సీని బీఎస్ (అమెరికాలో నాలుగేళ్ల డిగ్రీ) అడ్మిషన్ కోసం ఆశ్రయించాము. ఈ సమీక్ష ఆ సేవ గురించే. ఇక్కడ చెప్పబోయే మంచీ చెడూ ఆ ఒక్క సంస్థకే పరిమితమని నేను అనుకోవడం లేదు, అందుచేత పేరు రాయడం లేదు.

ఆ సంస్థలో రెండు రకాల సేవలున్నాయి. ఒకటి పూర్తిగా ఉచితం, అయితే వారితో ఒప్పందం ఉన్న యూనివర్సిటీలకు మాత్రమే. రెండవది మనం కోరిన ఏ కాలేజీకైనా అప్లికేషన్ వేయించేది. దానికి మా దగ్గర 40 వేల రూపాయలు మాట్లాడుకున్నారు, సగం ముందు, సగం వీసా వచ్చాక. ఉచితమంటే భయపడవలసిన పని లేదు గానీ, ఆ ఖర్చు ఎవరు భరిస్తున్నారో తెలుసుకుని కుర్చీలో కూర్చోవడం మంచిది. విద్యార్థులను చేర్పించినవారికి తలకు ఇంత అని కమిషన్ ఇవ్వడాన్ని, ఫెడరల్ (అక్కడి కేంద్ర ప్రభుత్వ) విద్యార్థి సాయం పొందే కాలేజీలకు అమెరికా చట్టం నిషేధించింది. అయితే ఆ సాయానికి అర్హత లేని, విదేశాల్లో నివసించే విద్యార్థుల విషయంలో ఆ నిషేధం వర్తించదు. కాబట్టి నెల్లూరు నుంచి వెళ్లే విద్యార్థి పేరిట కన్సల్టెన్సీకి కమిషన్ ముట్టడం తప్పేమీ కాదు. చిక్కల్లా మన చేతికిచ్చే యూనివర్సిటీల జాబితా ఆ కమిషన్‌ను బట్టి తయారు కావడంలో ఉంది.

మాకిచ్చిన కాగితంలో యూనివర్సిటీ పేరు, అప్లికేషన్ ఫీజు మాఫీ ఉందా లేదా, స్కాలర్‌షిప్ ఎంత, అడ్మిట్ ఎన్ని వారాల్లో వస్తుంది అనే గడులున్నాయి. అమ్మాయి చదవదలచుకున్న సబ్జెక్టు అక్కడ ఎలా చెబుతారన్న గడి లేదు, నాలుగేళ్లకు మన చేతి నుంచి పడే మొత్తం ఎంతన్న గడి అసలే లేదు. ఏడాదికి 10 వేల డాలర్ల స్కాలర్‌షిప్ అని లావు అక్షరాల్లో ఉన్నచోట, అది పోను కట్టవలసినది ఎంతో మేమే అడిగి పక్కన పెన్నుతో రాయించుకున్నాము. కొన్ని మంచి కాలేజీల పేర్లు చెప్పి ఇవి ఎందుకు లేవని అడిగితే, "వాటితో మనకు టై-అప్ లేదు సార్" అని కౌన్సెలర్ దాచకుండా చెప్పాడు. ఆ నిజాయితీకి సంతోషించాను.

ఆ కాగితంలో లేని విషయం ఒకటి తల్లిదండ్రులందరూ తెలుసుకోదగినది. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఎంఐటీ, ఆమ్‌హర్‌స్ట్ వంటి కొద్ది సంస్థలు విదేశీ విద్యార్థి కుటుంబం ఫీజు కట్టగలదా లేదా అన్నది చూడకుండా ఎంపిక చేస్తాయి, ఎంపికైనవారికి అవసరమైన సాయమంతా ఇస్తాయి. అక్కడ సీటు దొరకడం అతి కష్టమన్న మాట నిజమే. మిగిలిన చాలా కాలేజీల్లో విదేశీ విద్యార్థి ఆర్థిక సాయం అడిగితే ఎంపిక అవకాశం తగ్గుతుందన్న మాట కూడా అంతే నిజం. పేరున్న అనేక ప్రైవేటు కాలేజీల్లో ఏడాది ఖర్చు 80 వేల డాలర్లు దాటుతున్న ఈ రోజుల్లో, జాబితా తయారు చేసే ముందు మొదట మాట్లాడవలసినది దీని గురించే. కాలేజ్ బోర్డు నడిపే సీఎస్ఎస్ ప్రొఫైల్ అనే దరఖాస్తులో కుటుంబ ఆదాయాన్ని చూపి అనేక ప్రైవేటు కాలేజీలను సాయం అడగవచ్చునని మాకు ఆ ఆఫీసులో ఎవరూ చెప్పలేదు.

తేదీల విషయంలో ఈ సంస్థకు నేను ఇచ్చే మార్కులు చాలా తక్కువ. కామన్ యాప్ అనే ఆన్‌లైన్ దరఖాస్తు వేదిక ఏటా ఆగస్టు 1న కొత్త సంవత్సరానికి తెరుచుకుంటుంది. అందులో ఒకే దరఖాస్తుతో 20 కాలేజీల వరకు పంపుకోవచ్చు. ఎర్లీ (ముందస్తు దరఖాస్తు) గడువులు చాలాచోట్ల నవంబరు 1కి, రెగ్యులర్ (మామూలు దరఖాస్తు) గడువులు జనవరి మొదటి వారానికి అటూ ఇటూగా ఉంటాయి. కాలిఫోర్నియా యూనివర్సిటీ క్యాంపస్‌లకు వేరే దరఖాస్తు, వేరే ప్రశ్నలు. వాటి గడువు దాదాపు నవంబరుతోనే ముగుస్తుంది. ఎంఎస్ పిల్లల ఫైళ్లు చలికాలం పొడుగునా నడుస్తాయి కాబట్టి కాబోలు, మా ఫైలును కూడా అదే లెక్కలో వేసుకుని, దసరా దాటాక కూడా "ఇంకా టైం ఉంది సార్" అంటూ వచ్చారు. అటు చూస్తే జనవరిలో జేఈఈ మెయిన్, ఆ వెంటనే ఇంటర్ ప్రాక్టికల్స్, పబ్లిక్ పరీక్షలు. కాలేజీ స్టడీ అవర్లలో పెరిగే మన పిల్లలకు వ్యాసాలు రాసుకోవడానికి దొరికే తీరిక ఆగస్టు, సెప్టెంబరులలోనే. ఎర్లీ డెసిషన్‌ను కూడా ముందు వచ్చినవారికి ముందు సీటు అన్నట్టు వివరించారు. అది ఒక్క కాలేజీకే వేయదగినది, సీటిస్తే చేరి తీరతామని విద్యార్థి, తల్లి లేదా తండ్రి, స్కూలు కౌన్సెలర్ ముగ్గురూ సంతకం చేసే ఒప్పందం. ఎస్ఏటీ అనే ప్రవేశ పరీక్ష గురించి మాత్రం సరైన సలహానే ఇచ్చారు. ఎంఐటీ, హార్వర్డ్ వంటివి ఆ పరీక్షను మళ్లీ తప్పనిసరి చేశాయని, కాలిఫోర్నియా క్యాంపస్‌లు ఆ స్కోరును అసలు చూడవని వివరించి, చెన్నై సెంటరులో స్లాటు ఇప్పించారు.

సిఫారసు లేఖల దగ్గర మా ఇద్దరి దారులు వేరయ్యాయి. కామన్ యాప్‌లో లెక్చరర్ ఈమెయిల్ ఇస్తే లింకు నేరుగా ఆయనకే వెళుతుంది, లేఖ ఆయనే అప్‌లోడ్ చేయాలి. ఆ లేఖను చూసే హక్కు తనకు వద్దని విద్యార్థి ముందుగానే రాసి ఇచ్చే అవకాశం కూడా అందులో ఉంది. మన లెక్చరర్లకు తీరిక ఉండదని, వారి పేర్లతో జీమెయిల్ ఐడీలు తామే తెరిచి లేఖలు పెట్టేస్తామని ఆ ఆఫీసులో మామూలు పనిలా చెప్పారు. నేను ఒప్పుకోలేదు. దరఖాస్తు చివర సమాచారమంతా నిజమని సంతకం చేసేది మా అమ్మాయి. అబద్ధమని తేలితే వచ్చిన సీటు రద్దయ్యేది ఆమెకే, కన్సల్టెన్సీకి పోయేది ఏమీ లేదు. చివరికి ఆమె ఫిజిక్స్ లెక్చరర్ గారినే అడిగితే, తనకు ఇంగ్లీషులో పెద్దగా రాయడం రాదని కొంత మొహమాటపడి, చిన్న చిన్న వాక్యాలతో ఒక పేజీ రాశారు. స్కూలు కౌన్సెలర్ స్థానంలో ప్రిన్సిపాల్ గారు కాలేజీ అధికారిక మెయిల్ నుంచి స్కూల్ రిపోర్టు పంపారు.

అదే సంస్థ మార్కుల పత్రాల విషయంలో చేసిన సాయం మెచ్చుకోదగినది. అమెరికా కాలేజీలు 9 నుంచి 12 వరకు నాలుగేళ్ల మార్కులు అడుగుతాయి, మన దగ్గర తొమ్మిదో తరగతి మార్కులు ఎవరు దాచుకుంటారు? పదో తరగతి మెమో ఒక్కటే బీరువాలో ఉంటుంది. వీరు ఒక నమూనా ఇచ్చారు: హైస్కూలు లెటర్‌హెడ్ మీద తొమ్మిది, పది తరగతుల సబ్జెక్టులు, మొత్తం మార్కులు, వచ్చిన మార్కులు, కింద హెడ్మాస్టరు సంతకం, గుండ్రటి స్కూలు సీలు. కోవూరులోని పాత స్కూలులో గుమస్తా రిజిస్టరు దించి, అప్పటికప్పుడే టైపు చేయించి ఇచ్చాడు. ఈ ఒక్క కాగితం మేమే తయారు చేసుకోవలసి వస్తే ఎలా ఉండాలో కూడా తెలిసేది కాదు.

కామన్ యాప్‌లో విద్యార్థి తన గురించి రాసే వ్యాసం 650 పదాలకు మించకూడదు. దీని గురించి కౌన్సెలర్ మొదటి రోజే "ఎస్సే మేం చూసుకుంటాం సార్, పాపను ఎంసెట్ చదువుకోనివ్వండి" అన్నాడు. నమూనాగా చూపించినది చిన్ననాటి నుంచి కంప్యూటర్లంటే మక్కువ అని మొదలయ్యే ఎంఎస్ తరహా ఎస్ఓపీ (ఎందుకు చదవదలచామో చెప్పే లేఖ). మా అమ్మాయి రాసుకున్నది మా రొయ్యల గుంటల గురించి. తెల్లవారుజామున నీటిలో ప్రాణవాయువు అతి తక్కువగా ఉంటుంది, ఆ వేళ కరెంటు పోతే నీటిలో గాలి కలిపే ఏరేటర్లు ఆగుతాయి, జనరేటర్ పట్టుకునేలోగా రొయ్య పైకి తేలుతుంది. సెలవుల్లో వాళ్ల తాతయ్యతో కలిసి గట్టు మీద మీటరు పట్టుకుని రీడింగులు నోటుబుక్కులో రాసిన సంగతి, ఆ అంకెలు చూసి ఏరేటర్లు వేసే వేళలు మార్చిన సంగతి ఆమె వ్యాసం. సంస్థలోని ఎడిటర్ దాన్ని పక్కన పెట్టి రోబోటిక్స్ గురించి రాద్దామన్నాడు. ఆ పిల్ల ఏనాడూ రోబోను ముట్టుకోలేదు!

కామన్ యాప్‌లో చదువు కాక చేసే పనులు రాసే కార్యకలాపాల పట్టికలోనూ ఇదే వరస. అందులో 10 గడులుంటాయి, ఒక్కొక్క వివరణకు 150 అక్షరాలు. కుటుంబ బాధ్యతలు అనే వర్గం ఆ ఫారంలోనే ఉంది. గుంటల దగ్గర చేసిన పని అందులోకి చక్కగా వస్తుంది. ఆ గడిని ఖాళీగా వదిలి, ఒక స్వచ్ఛంద సంస్థ సర్టిఫికెట్ ఇప్పిస్తాము, దానికి విడిగా ఫీజు అవుతుందని చెప్పారు. ఇంట్లో పొలం పనో కొట్టు పనో చేసే పిల్లలున్న కుటుంబాలవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

వీసా విభాగం వేరే సంస్థా అన్నంత బాగుంది. కాలేజీ పంపే ఐ-20 పత్రం రాగానే విదేశీ విద్యార్థుల నమోదుకు కట్టే 350 డాలర్ల సెవిస్ ఫీజు కట్టించి, వీసా దరఖాస్తు అయిన డీఎస్-160ని అమ్మాయి పక్కన కూర్చుని నింపించి, నింపడంలో ఎవరైనా సాయం చేశారా అన్న ప్రశ్నకు తమ పేరే రాయించారు. రొయ్యల ఆదాయం ఒక ఏడాది ఉండి ఒక ఏడాది పోయేది కాబట్టి, మూడేళ్ల ఐటీ రిటర్నులు, భూమి పత్రాలు, సీఏ రిపోర్టు ఏ వరసలో పెట్టాలో ఓపికగా చెప్పారు. పదిరోజుల కోసం అప్పు తెచ్చి ఖాతాలో వేసే పని చేయవద్దని గట్టిగా హెచ్చరించారు. హైదరాబాద్ కాన్సులేట్ ఇంటర్వ్యూకు ముందు మొదట తెలుగులో, తర్వాత ఇంగ్లీషులో మాట్లాడించడం వల్ల అమ్మాయికి బెరుకు పోయింది.

40 వేలలో సగానికి పైగా ఈ వీసా పనికే చెల్లినట్టు నేను లెక్క వేసుకున్నాను. కాలేజీల ఎంపికకు అమెరికా విదేశాంగ శాఖ నడిపే ఎడ్యుకేషన్‌యూఎస్ఏ సలహాదారులు డబ్బు తీసుకోరు. హైదరాబాద్‌లో కేంద్రం ఉంది, ఆన్‌లైన్ సమావేశాలు పెడతారు, ఏ కాలేజీ నుంచీ కమిషన్ పుచ్చుకోరు. మా అమ్మాయి చివరికి చేరిన కాలేజీ ఆ టై-అప్ కాగితంలో లేనిదే. ఇలాంటి సంస్థకు వెళ్లదలచినవారు వీసా ప్యాకేజీ ఒక్కటే విడిగా ఇస్తారా అని అడగండి. మేము వెళ్లినచోట అది రేటు కార్డులో ఉండదు, అడిగితే ఇస్తున్నారు. అప్లికేషన్ కూడా వారి చేతే వేయించేటట్లయితే కామన్ యాప్ ఖాతాను పిల్లల సొంత మెయిల్‌తో ఇంట్లోనే తెరిచి వెళ్లండి. మాకు ఆఫీసు మెయిల్‌తో తెరిచారు, పాస్‌వర్డు రాబట్టడానికి మేనేజరు దాకా వెళ్లవలసి వచ్చింది.