మా పాప హైస్కూల్, కడప: పిల్లలకే వదిలిన చదువు

మా పాప ఇక్కడ 9వ తరగతి. హెడ్‌మాస్టర్ గారు పిల్లల చదువును పిల్లల చేతికే ఇవ్వడం నాకు చాలా నచ్చింది. యూనిట్ టెస్ట్ పేపర్లు ఇచ్చాక ఎక్కడ తప్పు చేశారో, ఎందుకు చేశారో వాళ్లే రాసుకుని పేరెంట్స్ మీటింగులో మాకు చదివి వినిపిస్తారు, టీచర్ పక్కన కూర్చుని వింటారంతే. తెలుగు ప్రాజెక్టుకు వేమనను వాళ్లే ఎంచుకుని, 1829లో ఆ పద్యాలు అచ్చు వేయించిన బ్రౌన్ దొర బంగళా ఉన్న చోటే కట్టిన లైబ్రరీకి వెళ్లి పుస్తకాలు వెతికారు. మొదట్లో లెక్కల్లో మార్కులు తగ్గి నాకు టెన్షన్ పట్టుకుంది, సిలబస్ కూడా వెనకబడింది, అది మాత్రం సరిచేసుకోవాలి. ఇప్పుడైతే సాయంత్రం నేను చెప్పకముందే పుస్తకం తీస్తోంది. చేర్పించే ముందు ఒక మీటింగులో కూర్చుని చూడండి.