కొత్తగా వంట నేర్చుకోవడానికి పుస్తకమా, వీడియోనా?

మొదటిసారి పొయ్యి దగ్గర నిలబడేవాళ్లకు నేనైతే వంటల పుస్తకమే చేతికిస్తాను. వీడియోలో ఉల్లిపాయలు 10 సెకన్లలో ఎర్రబడతాయి. మన గిన్నెలో 15 నిమిషాలైనా పడుతుంది. అది తెలియక మంట పెంచేస్తాం, అంచులు మాడి మధ్యలో పచ్చిగానే ఉండిపోతాయి. మంచి పుస్తకం ఎంతసేపు వేయించాలో, ఏ రంగు రావాలో ముందే చెబుతుంది. టీస్పూన్ అంటే 5 మిల్లీలీటర్లు, టేబుల్‌స్పూన్ సాధారణంగా 15. ఉప్పు దగ్గర ఈ రెండూ తారుమారైతే నోట పెట్టలేం! పైగా చేతికి పిండి అంటుకున్నా టెన్షన్ లేదు, పేజీ తెరిచే ఉంటుంది.

కత్తి పట్టుకోవడం మాత్రం వీడియోలో చూడాల్సిందే. వేళ్ల కొసలు లోపలికి మడిచి కూరగాయను అదిమి పట్టే తీరు ఎన్నిసార్లు చదివినా అంతుపట్టదు, ఒక్కసారి చూస్తే వచ్చేస్తుంది.