మిర్రర్‌లెస్సా, జేబు కెమెరానా? రెండూ ఏళ్ల తరబడి వాడాక

కెమెరా కొనాలనుకునే వాళ్లు నన్ను ముందుగా అడిగేది ఇదే: మిర్రర్‌లెస్ (లెన్సులు మార్చుకునే కెమెరా) తీసుకోవాలా, జేబులో పట్టే చిన్నది సరిపోతుందా? నా దగ్గర రెండు రకాలూ ఉన్నాయి. ఒకటి సోనీ ఏ6400, దానికి సిగ్మా 30 ఎంఎం ఎఫ్/1.4 లెన్సు (ఎఫ్ అంకె తగ్గేకొద్దీ లోపలికి వెలుగు ఎక్కువ వస్తుంది), సోనీదే 55-210 జూమ్. రెండోది రికో జీఆర్ 3. రెండు కెమెరాలూ 2019లో మార్కెట్లోకి వచ్చినవే. కొన్నేళ్లుగా హైదరాబాదు ఎండల్లో, వానల్లో, పెళ్లిళ్లలో, బోనాల్లో రెండింటినీ మార్చి మార్చి వాడుతున్నాను. ఒక్కటే ఉంచుకోమంటే ఏది ఉంచుకుంటానో చివర్లో చెబుతాను. అయితే నా జవాబు మీకూ నప్పుతుందని లేదు. మీరు ఎవరిని, ఎంత దూరం నుంచి తీస్తారన్నదాని మీద అది ఆధారపడి ఉంటుంది.

ముందుగా సెన్సారు (వెలుగును ఫోటోగా మార్చే చిప్) గొడవ తేల్చేద్దాం. చిన్న కెమెరా అంటే ఫోటో నాసిరకంగా వస్తుందని చాలామంది అనుకుంటారు. ఈ జంట విషయంలో ఆ మాట నిలవదు. రెండింటిలోనూ ఉన్నది ఏపీఎస్-సీ సెన్సారే: 23.5 × 15.6 మిల్లీమీటర్లు, 24 మెగాపిక్సెళ్లు. ఒకే చోట, ఒకే వెలుగులో, ఒకే ఐఎస్‌ఓలో (వెలుగుకు కెమెరా స్పందించే స్థాయి) తీసి పక్కపక్కన పెట్టి చూస్తే నాకు చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు. కానీ జేబు కెమెరాలన్నీ ఇలా ఉండవు. సోనీ ఆర్‌ఎక్స్100 వరుస, కెనాన్ జీ7ఎక్స్ లాంటి వాటిలో ఉండేది ఒక అంగుళం సెన్సారు. అది పేరుకే అంగుళం, నిజానికి దాని కొలత 13.2 × 8.8 మిల్లీమీటర్లు. ఏపీఎస్-సీ వైశాల్యం దానికి మూడు రెట్లకు పైనే. కాబట్టి బయటి సైజు చూసి లోపల ఏముందో అంచనా వేయకండి. కొనేముందు సెన్సారు కొలత ఒకసారి చదవండి.

ఫోన్ ఉండగా ఇవన్నీ ఎందుకని కూడా అడుగుతారు. పగటి వెలుగులో తీసి వాట్సాప్‌లో పంపేదానికి ఫోన్ చాలు, నేనూ అదే చేస్తాను. గోడకు తగిలించే ప్రింటు వేయించాలన్నా, చీకటి గదిలో కదిలే పిల్లల్ని తీయాలన్నా ఫోన్ వెనకబడుతుంది.

ఇక బరువు. ఏ6400 బ్యాటరీతో 403 గ్రాములు, సిగ్మా లెన్సు 265. రెండూ కలిపి 670 గ్రాముల దాకా. జీఆర్ 3 బ్యాటరీ, కార్డుతో కలిపి 257 గ్రాములే. అంకెల్లో చూస్తే నాలుగు వందల గ్రాముల తేడా, అదేం పెద్ద బరువు కాదు. కానీ అసలు తేడా తూకంలో లేదు, బ్యాగు దగ్గర వస్తుంది. ఏ6400 తీసుకెళ్లాలంటే బ్యాగు వేసుకోవాలి, అంటే ఇవాళ ఫోటోలు తీస్తానని పొద్దున్నే నిర్ణయించుకోవాలి. జీఆర్ మందం 33 మిల్లీమీటర్లు, ప్యాంటు జేబులో పడిపోతుంది. ఆఫీసుకెళ్లే రోజు కూడా అది నాతోనే ఉంటుంది. మెట్రోలో, అమీర్‌పేట్‌లో రైలు మారేటప్పుడు, ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు వెతికేటప్పుడు నేను తీసిన ఫోటోలన్నీ దీనివే. ఆ చోట్లకు ఏ6400 అసలు బయల్దేరనేలేదు.

గుడిమల్కాపూర్ పూల మార్కెట్ దగ్గర ఈ తేడా నాకు బాగా తెలిసింది. తెల్లవారుజామున బంతి, చామంతి మూటలు దిగుతుంటాయి. గోనెసంచి మీద పూలు కుప్పపోసి, చేత్తో తూకం సరిచేస్తూ, నోటితో ధర అరుస్తూ ఉంటారు. జూమ్ లెన్సు తగిలించిన ఏ6400 మెడలో వేసుకుని వెళ్తే నాలుగడుగులు వేయకముందే, "ఏ టీవీ సార్ మీది?" అని అడుగుతారు. ఒకరు జుట్టు సర్దుకుంటారు, ఇంకొకరు మొహం తిప్పుకుంటారు, పక్క దుకాణం ఆయన వచ్చి మార్కెట్‌లో నీళ్ల సమస్య గురించి రాయమంటాడు. ఆయన చెప్పేది నిజమే, వింటాను. కానీ ఈలోపు తూకం అయిపోతుంది. జీఆర్‌తో అదే వరసలో నడిస్తే ఎవరూ పట్టించుకోరు. ఒకమ్మ మాత్రం చూసి, "ఫోటో దించుకుంటవా బిడ్డా? దించుకో, పూలు మంచిగ పడాలె" అని మళ్లీ తన దండ కట్టడంలో పడిపోయింది. ఆమె బొటనవేలికి చుట్టుకున్న దారం, పక్కన సగం తాగిన టీ గ్లాసు, వెనక తోపుడుబండి, అన్నీ ఒకే ఫ్రేములో వచ్చాయి. రెండడుగుల దూరంలో నిలబడి తీశాను.

అంత దగ్గర నిలబడాల్సిందే కూడా. జీఆర్ 3 లెన్సు 18.3 ఎంఎం ఎఫ్/2.8, ఫుల్‌ఫ్రేము (ఏపీఎస్-సీ కన్నా పెద్ద సెన్సారు) లెక్కన 28 ఎంఎం, అంటే వెడల్పుగా పడుతుంది. జూమ్ లేదు. దగ్గరగా కావాలంటే కాళ్లకే పని చెప్పాలి. 35, 50 ఎంఎం అని క్రాప్ సదుపాయం ఉంది కానీ అది ఫోటోను కత్తిరించడమే. 35లో సుమారు 15 మెగాపిక్సెళ్లు మిగులుతాయి, 50లో ఏడు. నేను 35 దాకా ధైర్యంగా వాడతాను.

ఈ కెమెరాలో నాకు ప్రాణం లాంటిది స్నాప్ ఫోకస్. దూరం ముందే చెప్పిపెట్టేస్తే, బటన్ పూర్తిగా నొక్కగానే ఫోకస్ వెతుక్కోకుండా ఆ దూరానికే తీసేస్తుంది. నేను ఎఫ్/5.6, 1.5 మీటర్లు పెట్టుకుంటాను. ఈ లెన్సుకు లెక్క వేస్తే మీటరు దగ్గర్నుంచి సుమారు మూడు మీటర్ల దాకా ఉన్నదంతా స్పష్టంగా వస్తుంది. పాతబస్తీ సందుల్లో మనుషులు ఎదురుపడే దూరం సరిగ్గా అదే. లాడ్ బజార్‌లో గాజులు తొడిగించుకునే పిల్ల చెయ్యి వెనక్కి లాక్కున్న క్షణం, గుల్జార్ హౌజ్ దగ్గర సైకిలు మీద రొట్టెలు మోసుకెళ్లే కుర్రాడు వెనక్కి తిరిగిన క్షణం ఇలాగే దొరికాయి. ఆటోఫోకస్ ఎంత వేగంగా ఉన్నా, ఏ మొహం మీద నిలవాలో అది ఎంచుకోవాలి కదా. ఇక్కడ ఆ ఎంపికే అక్కర్లేదు. ఎవరినైనా దగ్గర్నుంచి తీశాక స్క్రీన్ తిప్పి చూపించడం నాకు అలవాటు. వద్దంటే అక్కడే డిలీట్ చేస్తాను. పిల్లలనైతే పెద్దవాళ్లను అడిగాకే తీస్తాను.

ఇంతగా మెచ్చుకున్న కెమెరాను మా బాబాయి కూతురి పెళ్లికి మాత్రం ఇంట్లో వదిలి వెళ్లాను. ఫంక్షన్ హాల్లో జీలకర్ర-బెల్లం వేళకు మండపం ముందు వీడియో వాళ్లు, ఫోటో వాళ్లు, సెల్‌ఫోన్లు ఎత్తిన మేనమామలు గోడ కట్టినట్టు నిలబడతారు. 28 ఎంఎంతో అక్కడ దొరికేది వాళ్ల వీపులే. ఏ6400, సిగ్మా లెన్సుతో పురోహితుడి వెనక పక్కగా కూర్చుంటే, అడ్డుతెర దించగానే పెళ్లికూతురి కళ్ల మీద ఫోకస్ అతుక్కుంది, ఆమె తల వంచినా వదల్లేదు. సిగ్మా ఎఫ్/1.4కు, జీఆర్ ఎఫ్/2.8కు మధ్య వెలుగులో నాలుగు రెట్ల తేడా ఉంది. తలంబ్రాలప్పుడు బియ్యపు గింజలు గాలిలో విడివిడిగా కనిపించాలని షట్టర్ వేగం సెకనులో 500వ వంతు పెట్టాను, ఐఎస్‌ఓ 1600తో సరిపోయింది. అదే వెలుగులో ఎఫ్/2.8 లెన్సుకైతే 6400 కావాలి. పసుపు బియ్యం, పట్టుచీర జరీ, చెమట పట్టిన నుదురు, ఇవన్నీ 6400 దగ్గర గరుకెక్కుతాయి. జీఆర్‌లో సెన్సారును కదిపి వణుకు తగ్గించే ఏర్పాటు ఉంది, ఏ6400లో లేదు. కానీ అది ఆపేది మన చేతి వణుకునే. తలంబ్రాలు పోసేవాళ్ల చేతుల్ని ఆపలేదు.

పెళ్లిళ్ల గురించే ఇంకో మాట. మంత్రాలు చదివేటప్పుడు చప్పుడు ఎందుకని మిర్రర్‌లెస్‌ను సైలెంట్ షట్టర్‌లో పెడితే, హాల్లోని ఎల్‌ఈడీ దీపాల కింద ఫోటో అంతా అడ్డచారలు పడొచ్చు. మన కరెంటు 50 హెర్ట్జ్, చవక దీపాలు సెకనుకు వంద సార్లు మిణుకుతాయి. సెన్సారు వరసవరసగా చదివేలోపు ఆ మిణుకు చారలుగా దిగుతుంది. మెకానికల్ షట్టర్‌తో, 50వ వంతు గానీ 100వ వంతు గానీ పెడితే బాధ తప్పుతుంది. జీఆర్ షట్టర్ లెన్సులోనే ఉంటుంది, మొత్తం ఫ్రేము ఒకేసారి తెరుచుకుంటుంది, చప్పుడు కూడా చెవి దగ్గర పెట్టుకుంటే తప్ప వినపడదు. ఇంట్లో వ్రతాలకు, బారసాలకు నేను అదే వాడతాను.

ఎండ సంగతికి వస్తే, జీఆర్‌లో వ్యూఫైండర్ లేదు, స్క్రీన్ ఎటూ తిరగదు. మే నెలలో గోల్కొండ బాలాహిసార్ మెట్లు ఎక్కాక ఆ స్క్రీన్ మీద ఏముందో చూడాలంటే చేయి అడ్డం పెట్టుకోవాలి. ఏ6400లో కన్ను ఆనించి చూసే వ్యూఫైండర్ ఉంది కాబట్టి మిట్టమధ్యాహ్నం కూడా వెలుగునీడలు సరిగా తెలుస్తాయి. అమీన్‌పూర్ చెరువు పక్షులకు కూడా అదే దిక్కు. 55-210 లెన్సు ఫుల్‌ఫ్రేము లెక్కన 315 ఎంఎం దాకా వెళ్తుంది. పక్షుల మీద గట్టి శ్రద్ధ ఉన్నవాళ్లకు అదీ చాలదు గానీ ఒడ్డున నడిచే కొంగకు సరిపోతుంది. జీఆర్‌లో ఆ కొంగ తెల్ల చుక్క.

బోనాలకు రెండూ కావాలి. లష్కర్ బోనాల రోజు సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి గుడి దగ్గర జనంలో పోతురాజు కొరడా ఝళిపిస్తూ వస్తుంటే ఎడమచేత్తో ఎవరినో ఆపుకుంటూ కుడిచేత్తో తీయాలి. జీఆర్ ఒంటిచేతి కెమెరా, మీటలన్నీ కుడి బొటనవేలికి, చూపుడువేలికి అందుతాయి. బోనం ఎత్తుకున్న ఆడవాళ్ల మొహాలు, కుండ మీద దీపం వెలుగు, వేపాకులు దూరం నుంచి పట్టాలంటే ఏ6400. జనంలో లెన్సు మార్చే ఆలోచన పెట్టుకోవద్దు. ఆ పసుపు, కుంకుమ, దుమ్ము లోపలికి పోవడానికి అరనిమిషం చాలు.

బ్యాటరీ గురించి కంపెనీలు చెప్పే అంకెలే చూసుకోండి: జీఆర్ 3కి సుమారు 200 ఫోటోలు, ఏ6400కి స్క్రీన్ మీద చూస్తూ తీస్తే సుమారు 410. జీఆర్‌తో రోజంతా తిరగాలంటే రెండో బ్యాటరీ తప్పదు. చిన్నదే, బరువేం కాదు. యూఎస్‌బీ-సీ కాబట్టి ఫోన్ పవర్‌బ్యాంక్‌తోనే ఛార్జ్ అవుతుంది.

దుమ్ము విషయం మాత్రం కొనేముందు బాగా ఆలోచించండి. ఇది ఏ ఒక్క కంపెనీ సంగతీ కాదు. లెన్సు బయటికొచ్చి లోపలికి ముడుచుకునే ప్రతి జేబు కెమెరా ఆ కదలికతో గాలిని పీలుస్తుంది, గాలితో పాటు జేబులోని నూలుపోగుల్నీ. మిర్రర్‌లెస్‌లో సెన్సారు మీద మచ్చ పడితే లెన్సు తీసి బ్లోయర్‌తో ఊదేస్తాం. జేబు కెమెరాలో మనకు సెన్సారు అందదు, విప్పించడానికి సర్వీసుకు ఇవ్వాలి. నా జీఆర్ సన్నని గుడ్డ సంచిలో ఉంటుంది, ఆ జేబులో తాళాలు, చిల్లర వేయను, ఇప్పటిదాకా శుభ్రంగానే ఉంది. వానాకాలంలో రెండింటినీ సిలికా జెల్ వేసిన గాలి చొరని డబ్బాలో పెడతాను. డబ్బాలో చిన్న తేమ మీటరు ఉంటుంది, 40-50 శాతం మధ్య ఉంటే చాలు. బీరువాలో చీరల మధ్య, తోలు కేసులో దాచిన లెన్సులకే ఫంగస్ ముందు పడుతుంది.

ఇక ఒక్కటే ఉంచుకోమంటే, నేను జీఆర్ ఉంచుకుంటాను. నాకు ఈ ఊరి వీధులు కావాలి, దగ్గర నుంచి కావాలి, రోజూ కావాలి. ఇంట్లో చిన్నపిల్లలుండి, స్కూలు వార్షికోత్సవాలు, బంధువుల పెళ్లిళ్లు, అప్పుడప్పుడూ వీడియోలు మీ లెక్కలో ఉంటే ఏ6400 లాంటి మిర్రర్‌లెస్ తీసుకోండి, కాస్త డబ్బు పెట్టగలిగితే 2023లో వచ్చిన ఏ6700లో బాడీలోనే వణుకు తగ్గించే ఏర్పాటు ఉంది. మిర్రర్‌లెస్ కొంటే కెమెరాతో పాటు వచ్చే కిట్ లెన్సుతో ఆగిపోవద్దు. ఎఫ్/1.4 లెన్సు ఒక్కటి కొనే ఉద్దేశం లేకపోతే ఆ మోత మొయ్యడంలో సగం లాభం పోయినట్టే. 28 ఎంఎం మరీ వెడల్పనిపిస్తే జీఆర్ 3ఎక్స్ చూడండి, అది 2021లో వచ్చింది, 40 ఎంఎం. జేబు కెమెరాయే కావాలి, జూమ్ కూడా కావాలంటే ఆర్‌ఎక్స్100లో ఏడోది 24 నుంచి 200 ఎంఎం దాకా వెళ్తుంది. సెన్సారు చిన్నది, అది తెలిసి కొనండి.

2025లో జీఆర్ 4 వచ్చింది కాబట్టి పాత జీఆర్ 3లు సెకండ్‌హ్యాండ్‌లో కనపడుతుంటాయి. కోఠి దుకాణాల్లో గానీ, ఎవరి ఇంటి దగ్గర గానీ చూస్తే, డబ్బు ఇచ్చే ముందు ఎఫ్/16 పెట్టి తెల్లగోడనో, ఖాళీ ఆకాశాన్నో ఒకటి తీయండి. ఫోటోను స్క్రీన్ మీద పెద్దది చేసి మూలమూలలా జరుపుతూ చూడండి, బూడిదరంగు మచ్చలు కనిపిస్తే అది సెన్సారు మీద దుమ్ము. లెన్సును పదిసార్లు తెరిచి మూయండి, ఎక్కడైనా తట్టుకున్నట్టు, గరగరలాడినట్టు ఉంటే వదిలేయండి. ఏ6400 అయితే లెన్సు తీయించి సెన్సారు చూడండి, బ్యాటరీ మూత బిగుతు చూడండి, హాట్‌షూ (పైన ఫ్లాష్ తగిలించే చోటు) అరిగి ఇత్తడి రంగు తేలిందేమో చూడండి. తేలితే ఆ కెమెరా చాలా పెళ్లిళ్లు చూసిందన్నమాట, ధర ఆ లెక్కన మాట్లాడుకోండి.