అడ్జస్టబుల్ స్టెమ్: టూరింగ్ సైకిల్‌కి వేయించుకోవచ్చా?

దూరాలు తొక్కితే మెడ, భుజాలు పట్టేస్తున్నాయని నా టూరింగ్ సైకిల్‌కి (దూర ప్రయాణాల సైకిల్) అడ్జస్టబుల్ స్టెమ్ వేయించాను. స్టెమ్ అంటే హ్యాండిల్‌ని సైకిల్ ముందు భాగానికి కలిపే ముక్క, దీన్లో దాని కోణం మార్చుకోవచ్చు. కొనే ముందు స్టెమ్ పట్టుకునే చోట హ్యాండిల్ గొట్టం మందం (వ్యాసం) చూసుకోండి, ఈమధ్య సైకిళ్లకి ఎక్కువగా 31.8 మిల్లీమీటర్లు, పాతవాటికి చాలావరకు 25.4 ఉంటుంది.

కోణం పెంచితే హ్యాండిల్ పైకి లేవడమే కాదు, మన వైపుకి జరుగుతుంది కూడా. నాకు అసలు హాయి అక్కడే దొరికింది, నడుం అంత వంచక్కర్లేదు, అరచేతుల మీద బరువు తగ్గింది. కాకపోతే బ్రేక్, గేర్ కేబుళ్లు పొట్టిగా ఉంటే హ్యాండిల్ తిప్పినప్పుడు లాగేస్తాయి, పొడుగువి వేయించుకోవాల్సి రావచ్చు.

ఇక చిరాకు సంగతి. లింగాలగట్టు దగ్గర్నుంచి శ్రీశైలం ఎక్కేటప్పుడు లేచి నిలబడి తొక్కితే చాలు, స్టెమ్ మడిచే చోట కిర్రు కిర్రుమని ఒకటే మోత! విప్పి చూస్తే కోణాన్ని పట్టి ఉంచే పళ్ల మధ్య ఇసుక. తుడిచి, సన్నగా గ్రీజు రాసి, స్టెమ్ మీద రాసిన టార్క్‌కే (బోల్టు ఎంత బలంతో బిగించాలో చెప్పే అంకె) బిగిస్తే ఆగింది. చేతి అంచనాతో బలంగా బిగించేవాళ్లున్నారు, అల్యూమినియంలో మర పోతే ఇక అంతే. హ్యాండిల్ బ్యాగులో కెమెరా, నీళ్లు వేస్తే గతుకుల్లో కాస్త ఊగుతుంది, బరువు కూడా మామూలు స్టెమ్ కంటే ఎక్కువే.

రోజూ కోణం మార్చుకునేవాళ్లు ఎవరుంటారు చెప్పండి. మీకు కుదిరే ఎత్తు తెలుసుకోవడానికి వాడండి, తెలిశాక ఆ కొలతకి మామూలు స్టెమ్ కొనుక్కోండి. ఊళ్లో తిరిగే సైకిల్‌కైతే దీన్నే ఉంచేసుకున్నా పర్లేదు, బోల్టు మాత్రం అప్పుడప్పుడు చూసుకోవాలి.